తక్కువ చూపించిన వాచీ

మా ఆయన ఎడమ చేతికి మూడు వాచీలు వరసగా కట్టుకుని, తిరుపతిలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. మూడూ గుండె వేగం చూపించే వాచీలే. మణికట్టుకి దగ్గరగా ఉన్నది తొంభై ఒకటి అంటోంది. దాని పైది ఎనభై ఎనిమిది. మోచేతి వైపున్న మూడోది డెబ్భై తొమ్మిది. ఒకే మనిషి, ఒకే గుండె, మూడు అంకెలు. షాపు యజమాని కౌంటరు మీద మోచేతులాన్చి, చేతి వెంట్రుకలు, చెమట, పట్టీ బిగింపు అన్నీ లెక్కలోకి వస్తాయని, కొంచెం తేడా ఉంటుందని చెబుతున్నాడు. మా ఆయన అతని మాట వినడం లేదు. చేతిని వెలుతురు వైపు తిప్పి కాసేపు చూసి, మూడోదాన్ని వేలితో తట్టాడు.

"ఇదే తీసుకుందాం. దీంట్లో తక్కువ చూపిస్తా ఉండాది."

షాపతను నవ్వాడు. నేనూ నవ్వాను. కూరగాయల అంగట్లో వంకాయలు ఏరినట్టు మాట్లాడుతున్నాడనుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆయన కొండ బస్సు డ్రైవరు. తిరుపతి నుంచి తిరుమలకు, తిరుమల నుంచి తిరుపతికి, ఇరవై రెండేళ్ళుగా అదే దారి. మా మేనత్త కొడుకు, కార్వేటినగరం దగ్గరి పల్లె. చిన్నప్పటి నుంచీ నేను బావా అనే పిలుస్తాను. ఎక్కే దారిలో, దిగే దారిలో ఎన్ని మలుపులున్నాయో, ఏ మలుపులో వాన పడితే మట్టి జారుతుందో, ఎక్కడ మంచు దిగుతుందో ఆయన ఒంటికి తెలుసు. ఇరవై రెండేళ్ళలో బస్సుకి ఒక్క సొట్ట పడనివ్వలేదు. ఏటా డిపోలో జరిగే సభలో దండ వేయడానికి పిలిచే పేర్లలో ఆయనది తప్పకుండా ఉండేది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. స్టాఫ్ రూములో ఎవరైనా కొండకి పోవాలనుకుంటే, మీ ఆయన బండి ఎన్ని గంటలకు అని నన్ను అడిగేవాళ్ళు. అది విన్నప్పుడల్లా లోపల ఎంత సంతోషంగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

వాచీ ఆలోచన మా అమ్మాయిది. అది నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో తయారైన సరుకును పరీక్షించే విభాగంలో పనిచేస్తుంది. వారానికోసారి వస్తుంది. అంతకు మూడు నెలల ముందు ఒక ఉదయం, నీళ్ళ ట్యాంకు చూడటానికి మిద్దె మీదికి వెళ్ళిన ఆయన ఎంతకీ దిగిరాలేదు. పైకి పోయి చూస్తే, మెట్ల మధ్యలో కూర్చుని రెండు వేళ్ళు మెడకు ఆనించుకుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఏమైందంటే గ్యాసన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అలాగే చూశాను. ఒకసారి భోజనం ముందు కూర్చుని, ఒకసారి చెప్పులు వేసుకుంటూ. రొమ్ములో ఏదో పిట్ట కొట్టుకున్నట్టు ఉంటుందని, కాసేపటికి అదే పోతుందని చెప్పాడు. ఆసుపత్రి మాటెత్తితే మాత్రం స్నానానికో బజారుకో లేచి వెళ్ళిపోయేవాడు.

"నాయన ఆసుపత్రికి రాకపోతే వాచీ అన్నా కట్టించు మా. కనీసం ఏం జరగతా ఉండాదో తెలుస్తాది గదా," అంది అమ్మాయి.

అక్కడి నుంచి వారం రోజులు నాకదే పని అయింది. సాయంత్రం బడి నుంచి రాగానే ఫోన్లో అమ్మాయి చెప్పడం, నేను పాఠ్య ప్రణాళిక పుస్తకం వెనక పేజీల్లో రాసుకోవడం. రొమ్ముకి కట్టుకునే పట్టీ ఒకటి ఉందట. గుండెకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అన్నిటికంటే సరిగ్గా చెబుతుందట. కానీ ఖాకీ చొక్కా కింద, తిరుపతి ఎండలో, ఎనిమిది గంటలు అది కట్టుకుని ఎవరు కూర్చుంటారు? వేలికి పెట్టుకునే ఉంగరం ఉందట. స్టీరింగు పట్టే వేలికి అది కుదరదు. ఇక మిగిలింది వాచీ. వాటిలోనూ రెండు రకాలు. ఒక రకం గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెబుతుంది. రెండో రకం, అంచు మీద వేలు పెట్టి అరనిమిషం కదలకుండా ఉంటే, ఆసుపత్రిలో తీసే కాగితం మీద ఉండేలాంటి గీత గీసి చూపిస్తుంది. కొడుతున్నది లయగా కొడుతోందా, తప్పుతోందా అన్నది ఆ గీతలో తెలుస్తుందట. అదే తీసుకోమ్మా అని అమ్మాయి గట్టిగా చెప్పింది. నేను దాని కింద రెండు గీతలు గీసుకున్నాను కూడా.

షాపులో ఆ వాచీని నేనే అడిగి తీయించాను. ఆయన చేయి కూడా చాపలేదు. అంత లావుది కట్టుకుంటే స్టీరింగు తిప్పేటప్పుడు తగులుతుందన్నాడు. గీతలూ గీకులూ ఎందుకు, నడిచిన అడుగులు లెక్క పెట్టుకుంటే చాలదా అన్నాడు. షాపులో జనం ముందు వాదించడం నాకు ఇష్టం లేకపోయింది. అసలు వాచీ కట్టుకోవడానికి ఒప్పుకున్నాడు, అదే పదివేలు అనుకున్నాను. ఆయన తట్టి చూపించినదే కొన్నాం.

ఆయనది బటన్ల ఫోను. అందుకని వాచీని అమ్మాయి నా ఫోనుకే కలిపింది. పగలంతా వాచీ తనలో దాచుకున్నదంతా, ఆయన ఇంటికొచ్చి నా పక్కన కూర్చోగానే నా ఫోనులోకి వచ్చేస్తుంది. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. నువ్వే సూసుకో, నాకెందుకవన్నీ అన్నాడు. ఇంకో సంగతి కూడా అమ్మాయి అమర్చింది. కదలకుండా కూర్చున్న మనిషికి గుండె వేగం ఒక హద్దు దాటితే వాచీ చేతి మీద అదురుతుంది. మంచిదే కదా, ముందే తెలుస్తుంది అని నేనే అన్నాను.

మొదటి పది రోజులు నాకది ఒక ఆటలా ఉండింది. ఆయన ఎన్ని అడుగులు వేశాడో, ఎప్పుడు టీ తాగడానికి లేచాడో, ఎప్పుడు కునుకు తీశాడో ఆ గీతలో కనిపించేది. కొండ ఎక్కేటప్పుడు గీత కొంచెం పైకి పోయేది. పైన బస్సు ఆగాక కిందికి దిగేది. ఆయన డ్యూటీ కాగితం పక్కన పెట్టుకుని, ఏది ఏ ట్రిప్పో సరిచూసుకునేదాన్ని. వ్యాకరణం చెప్పేదాన్ని కదా, దేనికైనా ఒక నియమం వెతకడం నాకలవాటు.

తర్వాత ఖాళీలు మొదలయ్యాయి. గీత బాగా నడుస్తూ నడుస్తూ ఒకచోట తెగిపోయేది. ముప్పావు గంట తర్వాత మళ్ళీ మొదలయ్యేది. మొదట వాచీలో లోపమనుకున్నాను. మూడు రోజులు వరసగా చూశాక, డ్యూటీ కాగితంతో పోల్చుకుంటే అర్థమైంది. ఎక్కేటప్పుడు ఖాళీ లేదు. పైన ఆగి ఉన్నప్పుడు లేదు. ప్రతి ఖాళీ, దిగే దారిలోనే.

ఆదివారం మధ్యాహ్నం ఆయన వరండాలో ఖాకీ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆ పని నన్ను ఎప్పుడూ చేయనివ్వడు. కాలరు మడత తనకు నచ్చినట్టు నాకు రాదంటాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాను.

"బావా, కిందికి దిగేటప్పుడు వాచీ యాడ పెడతా ఉండావు?"

చెమట పడుతోందన్నాడు. ఎక్కేటప్పుడు పట్టని చెమట దిగేటప్పుడు పడుతుందా అన్నాను. ఆయన చొక్కా చేతిని ఒకటికి రెండుసార్లు రుద్దాడు. తర్వాత ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, తీగ పీకేశాడు.

"ఒగసారి దిగతా ఉంటే చేతి మీద జుమ్మని అదిరింది. మలుపులో ఉండా. సూడకూడదని తెలుసు. సూసినా. నూట యాభై ఆరని ఉండాది. తలెత్తేసరికి బండి లోయ పక్క గోడ దగ్గరికి వచ్చేసింది."

ఎంత దగ్గరికి అని అడిగాను. చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెడుతూ, "బండిలో ఎవురికీ తెలీలేదు," అన్నాడు.

ఆ రోజు నా ఫోనులోనూ గీత అంత ఎత్తుకు లేచింది, వాచీ పొరపాటనుకుని దాటేశాను. ఆయనకు జరగబోయింది ఒకటి, ఆ వెనక సీట్లలో కూర్చున్న వాళ్ళకు జరగబోయింది ఇంకొకటి. అన్నిటికంటే ముందు నాకు తట్టింది ఏమిటంటే, ఆ అదురు పెట్టనిచ్చింది నేను. మంచిదే కదా అన్నది నేను.

ఆ రోజు ఆయన చాలాసేపు మాట్లాడాడు. మా పెళ్ళైనప్పటి నుంచీ అంతసేపు తన గురించి మాట్లాడటం నేను వినలేదు. రొమ్ములో ఆ కొట్టుకోవడం ఏడాది పైనుంచీ ఉందట. మొదట నెలకోసారి వచ్చేది, ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తోందట. వచ్చినప్పుడు కళ్ళ ముందు ఒక్క క్షణం మసక కమ్ముతుందట. డ్రైవర్లకు జరిగే వైద్య పరీక్షలో పడుకోబెట్టి గుండె గీత తీస్తారు, ఆ సమయానికి అది రాలేదు కాబట్టి ఏమీ దొరకలేదట. దొరికితే స్టీరింగు మీద నుంచి దించేస్తారని ఆయన భయం. ఇంకా నాలుగేండ్లు సర్వీసు ఉండాది, ఆ నాలుగేండ్లు లాక్కొస్తే నేనే దిగేస్తా అన్నాడు. "దించేస్తే నేనేం చేయాల? యార్డులో బండ్లకి నీళ్ళు కొట్టుకుంటా తిరగాల్నా?" అన్నాడు. అప్పుడు నాకు షాపులో ఆయన వేలు తట్టిన వాచీ, నా నవ్వు గుర్తొచ్చాయి. ఆ రోజే ఆయనకు అన్నీ తెలుసు. తెలిసే, తనను పట్టివ్వని వాచీ కోసం వెతికాడు.

ఆసుపత్రికి పోదామంటే పండగ రద్దీ పోనీ అన్నాడు. వాచీలో ఆ అదిరే ఏర్పాటు తీసేయించాను. కానీ నాకు కుదురు పోయింది. బడిలో పాఠం చెబుతూ చెబుతూ గోడ గడియారం చూసేదాన్ని. ఇప్పుడు దిగుతూ ఉంటాడు అనుకునేదాన్ని. పిల్లలు పద్యం అప్పజెబుతుంటే తప్పులు వినపడేవి కావు.

ఒక శనివారం సెలవు పెట్టాను. ఆయనకు చెప్పలేదు. పొద్దున వేరే బస్సులో కొండకు పోయి, దర్శనానికి కూడా పోకుండా, బస్టాండులో ఒక మూల కూర్చున్నాను. ఆయన బస్సు కిందికి బయలుదేరే వేళకు కొంగు తల మీదికి లాక్కుని జనంలో కలిసి ఎక్కాను. వెనక నుంచి మూడో వరసలో కూర్చున్నాను. ముందు సీట్లో ఒక కుటుంబం, అందరికీ గుండ్లు, తలల మీద తడి చందనం. నా పక్కన ఒక పెద్దావిడ లడ్డూ సంచి ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. ఎవరో ఫోనులో చుట్టాలకు దర్శనం బాగా జరిగిందని చెబుతున్నారు. అందరూ అలసటతో, తృప్తితో, ఏ దిగులూ లేకుండా కూర్చుని ఉన్నారు. డ్రైవరు మొహం ఎవరూ చూడలేదు. నేను కూడా ఏ బస్సెక్కినా చూసేదాన్ని కాదు.

ఆయన నడపడం మాత్రం ఎప్పటిలాగే ఉంది. మలుపు రాకముందే గేరు తగ్గించి, బస్సును ఊయల ఊపినట్టు తిప్పుతాడు. కొన్ని మలుపులు గడిచాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అనవసరంగా వచ్చాననుకున్నాను. అంతలో బస్సు నెమ్మదించింది. దారి వెడల్పుగా ఉన్న చోట, గోడ పక్కకు తీసి ఆపేశాడు.

"బ్రేకులు వేడెక్కినాయి. రెండు నిమిషాలు ఆగి పోదాం," అన్నాడు వెనక్కి తిరగకుండా.

ఎవరూ ఏమీ అనుకోలేదు. కొందరు కిటికీలోంచి లోయ చూశారు. గుండు చేయించుకున్న చిన్నపాపకు వాళ్ళమ్మ నీళ్ళు తాగించింది. అద్దంలో నాకు ఆయన మెడ, ఆ మెడ మీద రెండు వేళ్ళు కనిపిస్తున్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను లేచి ముందుకు పోదామనుకున్నాను. పోతే ఏమంటాను? అంతమంది ముందు ఏమని అడుగుతాను? ముందు సీటు కమ్మీని పట్టుకుని కూర్చుండిపోయాను. రెండు నిమిషాలు కాదు, ఆరు నిమిషాలు ఆగింది బస్సు. తర్వాత నెమ్మదిగా కదిలింది.

తిరుపతిలో అందరూ దిగాక ముందు తలుపు దగ్గరికి వచ్చాను. కొంగు తల మీద నుంచి తీసేశాను. ఆయన నన్ను చూశాడు.

"ఎప్పుడెక్కినావు?"

"పైన."

కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, టిఫిన్ తిన్నావా అని అడిగాడు. తినలేదన్నాను.

ఆ సాయంత్రం ఆయనే అన్నాడు, చిత్తూరికి పోదామని. తిరుపతిలో ఏ ఆసుపత్రికి పోయినా డిపో వాళ్ళెవరో ఒకరు కనిపిస్తారట. సెలవు పెట్టి, చిత్తూరులో గుండె డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు గీత తీయించాడు. ఏమీ లేదు, చక్కగా ఉంది. మా ఆయన నా వైపు, చూసినావా అన్నట్టు చూశాడు. నేను ఫోను తీసి వాచీ గీతలు చూపించాను. డాక్టరు వాటిని అటూ ఇటూ జరిపి చూసి, ఇది వేగం చెబుతుందమ్మా, లయ చెప్పదు, దీన్ని పట్టుకుని నేను జబ్బు పేరు పెట్టలేను అన్నాడు. కానీ గీత తెగిన చోట్లు ఎందుకు తెగాయని అడిగాడు. మా ఆయన తల దించుకున్నాడు. నేనే చెప్పాను. డాక్టరు వెంటనే రొమ్ము మీద తీగలు అతికించి నడుముకి ఒక చిన్న పెట్టె కట్టించాడు. ఒక పగలు, ఒక రాత్రి అది తీయకూడదు, బండి నడపకూడదు అన్నాడు.

మరుసటి రోజు ఆయన ఇంట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నప్పుడు ఆ కొట్టుకోవడం మళ్ళీ వచ్చింది. ఒలిచేవాడు ఆగిపోయాడు. చేతిలో కాయ చేతిలోనే ఉంది. నేను పక్కనే కూర్చున్నాను. మా ఇద్దరికీ తెలుసు, ఈసారి పెట్టె దాన్ని రాసుకుంటోందని. నాకు ఒకేసారి భయమూ, సిగ్గుపడాల్సినంత ఊరటా కలిగాయి.

పెట్టె తిరిగి ఇచ్చిన రోజు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. గుండె పై గదుల్లో లయ తప్పుతోంది. వచ్చి పోతోంది. రక్తం గడ్డ కట్టకుండా ఒక మాత్ర, వేగం తగ్గడానికి ఒక మాత్ర రాశాడు. కొన్ని నెలలు చూసి, తగ్గకపోతే తొడ దగ్గరి నరంలోంచి తీగ పంపి సరిచేయొచ్చన్నాడు. ప్రాణానికి భయపడాల్సిన పనిలేదు, కానీ కుదురుకునేవరకు బస్సు నడపకూడదన్నాడు. ఆ మాట కాగితం మీద రాయొద్దని మా ఆయన అడిగాడు. రెండు చేతులూ జోడించి అడిగాడు. డాక్టరు చాలా మెత్తగా, నేను రాయకపోతే ఆ యాభై మందికి నేనేం జవాబు చెప్పుకోవాలప్పా అని, రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు కాణిపాకంలో దిగుదామన్నది ఆయనే. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడి ప్రమాణం చేయడానికి మా వైపు ఎవరూ సాహసించరు. తాగుడు మానేస్తామని, దొంగతనం చేయలేదని అక్కడికొచ్చి ప్రమాణాలు చేస్తుంటారు. సోమవారం కాగితం డిపోలో ఇచ్చేస్తానని ఈ స్వామి ముందర ప్రమాణం చేస్తా, అప్పుడన్నా నన్ను నమ్ముతావు గదా అన్నాడు. నేను వద్దనలేదు. కోనేట్లో మునిగి, తడి పంచెతో లోపలికి పోయాడు. నేను బయట పూలమ్మే వాళ్ళ పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"చేయలేకపోయినా," అన్నాడు. "నోరు రాలేదు."

అలా చెప్పినందుకు ఆ క్షణాన ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో, అంత భయం కూడా కలిగింది. సోమవారం ఖాకీ వేసుకుని డ్యూటీకి పోయాడు. కాగితం ఇచ్చినావా అంటే ఇస్తాలే అన్నాడు. మంగళవారం అంతే. మాత్రలు వేసుకుంటున్నా కదా, ఇప్పుడు బాగుంది, చూస్తూనే ఉండావు కదా అన్నాడు. వాచీ మాత్రం బీరువాలో ఉంది. బుధవారం అమ్మాయికి ఫోన్ చేసి ఏం చేయమంటావని అడిగాను. నువ్వేం చేసినా నాయనకి నేను చెప్పి చూస్తాలే మా అంది. నన్ను ఆపలేదు.

గురువారం ఉదయం ఆయన వెళ్ళిపోయాక ఇస్త్రీ చొక్కాల మడతల మధ్య ఉన్న కాగితం తీసుకుని డిపోకి పోయాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. అక్కడికి పోయాక ఒక్కటీ రాలేదు. పాతికేళ్ళుగా తరగతిలో గొంతెత్తి చెప్పేదాన్ని, డిపో అధికారి బల్ల ముందు కాగితం పెట్టి నిలబడిపోయాను. అతను రెండుసార్లు చదివాడు. మీరొచ్చినట్టు ఆయనకి తెలుసామ్మా అని అడిగాడు. తెలియదన్నాను. నన్ను కూర్చోమని, ఎవరికో ఫోన్ చేసి బండి ఇప్పుడు ఎక్కడుందో కనుక్కున్నాడు. అప్పుడే పైకి చేరిందట. బండి దించడానికి అక్కడే ఉన్న వేరే డ్రైవరుని పంపమని, మా ఆయనను విశ్రాంతిగా కూర్చోబెట్టి తీసుకురమ్మని చెప్పాడు. మాటల్లో ఎక్కడా కోపం లేదు. మంచి పని చేశారమ్మా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆ రోజు ఆయన తన బస్సులోనే, ముందు సీట్లో ప్రయాణికుడిగా కూర్చుని కొండ దిగాడు. మూడు గంటలకు ఇంటికొచ్చాడు. నేను బడికి పోలేదు, వంటింట్లో ఉన్నాను. ఖాకీ విప్పి మడిచాడు. ఇస్త్రీ చొక్కాలన్నీ తీసి వాటి మీద దీన్ని పెట్టి, అన్నీ కలిపి ఒక గుడ్డలో మూట కట్టాడు. అన్నం పెట్టనా అంటే తిన్నానన్నాడు. తినలేదని నాకు తెలుసు.

అక్కడి నుంచి ఐదు నెలలు మా ఇంట్లో మాటలు అమ్మాయి ద్వారా నడిచాయి. ఆయనకు ఏదైనా చెప్పాలంటే నేను నాయుడుపేటకి ఫోన్ చేసేదాన్ని. అది తిరిగి ఇంట్లో ఉన్న ఆయనకు చేసేది. ఒకే గోడకు అటూ ఇటూ కూర్చుని, వంద కిలోమీటర్ల దూరం చుట్టి మాట్లాడుకునేవాళ్ళం. వేళకు మాత్రలు వేసుకునేవాడు. నేను గ్లాసుతో నీళ్ళు పెడితే, ఆ నీళ్ళు తాగేవాడు కాదు, లేచి పోయి కుండలో ముంచుకునేవాడు. నేను తప్పు చేయలేదని ఎన్నోసార్లు అనుకున్నాను. పైకి కూడా అనుకున్నాను. అయినా ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు దొంగతనం చేసినదాన్లా ఉండేది.

మాత్రలతో తగ్గలేదు. చివరికి ఆ తీగ పంపే చికిత్స చేయించాం. చికిత్స అయ్యాక కాలు కదపకుండా వెల్లకిలా పడుకుని ఉండాలి. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పై కప్పు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"పరీక్షలో దొరికుంటే నాకింత బాధ లేదు. నా ఒళ్ళు నన్ను పట్టిచ్చిందనుకుందును. నువ్వు పట్టిచ్చినావు."

"ఇంకేం చేయాల్సింది బావా?"

"తెలీదు," అన్నాడు. "నువ్వు చేసింది తప్పని నేననలా. బాధ ఉండాదంటా ఉండా. అంతే."

ఐదు నెలల తర్వాత నాతో సూటిగా అన్న మొదటి మాటలవి. నేను ఏడ్చాను. ఆయన ఏడవద్దనలేదు, ఆపమనలేదు. కాసేపటికి నీళ్ళు తాగించమన్నాడు. స్పూనుతో తాగించాను.

ఇప్పుడు గుండె బాగానే ఉంది. మూడు నెలలకోసారి చిత్తూరు పోయి చూపించుకుంటాం. కొండ బస్సు మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. ఆయన దేనికి భయపడ్డాడో ఆ యార్డులోనే పని. పొద్దున్నే బయలుదేరే బస్సుల బ్రేకులు, టైర్లు చూసి పంపాలి. ఇంజను చప్పుడు విని లోపం చెప్పేస్తాడని, కొత్త డ్రైవర్లు ఆయన చూశాక గానీ బండి తీయరని ఒకసారి ఆయన స్నేహితుడు మా ఇంటికొచ్చి చెప్పాడు. ఆయన పక్కనే కూర్చుని, తనను గురించి కాదన్నట్టు విన్నాడు.

మా మధ్య మాటలు మళ్ళీ మొదలయ్యాయి. కూరలో ఉప్పు, కరెంటు బిల్లు, అమ్మాయి సంబంధాలు అన్నీ మాట్లాడుకుంటాం. ఒక్కటే మిగిలిపోయింది. డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ, డ్యూటీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, ఆ రోజు కొండ మీద చూసినవన్నీ చెప్పేవాడు. ఏ మలుపులో దుప్పి అడ్డం వచ్చిందో, బస్సులో ఎవరు పాట పాడారో, ఏ ముసలాయన దిగేటప్పుడు భుజం తట్టి ప్రసాదం పెట్టాడో. నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. సగం వినీ వినకుండా ఊఁ కొట్టేదాన్ని.

మొన్న సాయంత్రం ఆయన రాగానే నేనే అడిగాను, ఈ పొద్దు ఎట్ల జరిగింది అని.

"బండ్లు పోయినాయి, వచ్చినాయి," అన్నాడు. తువ్వాలు తీసుకుని మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి కింద నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.